గురిగింజ ఎత్తు నుంచి చార్మినార్ రూపాయి దాకా: పాత నాణేల గురించి ఈ సంగతులు మీకు తెలుసా?

పాత నాణెం చేతికి రాగానే చాలామంది అడిగే మొదటి మాట 'దీనికెంత వస్తుంది?' అని. నాణేలు సేకరించడంలో ఆరితేరినవాళ్లు ఆ ప్రశ్నను చిట్టచివరికి నెట్టేస్తారు. వాళ్లు ముందు అడిగేవి వేరు. బరువెంత? ఏ లోహం? ఒకవైపు ఏ బొమ్మ ఉంది, రెండోవైపు ఏముంది? అక్షరాలు ఏ లిపివి? వీటన్నిటికంటే ముఖ్యంగా, ఎక్కడ దొరికింది? మిగతా ప్రశ్నలకు జవాబులు నాణెం మీదే వెతుక్కోవచ్చు. ఆఖరిదానికి మాత్రం అక్కడ జవాబుండదు, మనం రాసిపెట్టుకుంటేనే ఉంటుంది. తెలుగు నేల మీద దొరికిన, చెల్లిన నాణేల గురించి, వాటిని గుర్తుపట్టే పద్ధతుల గురించి తెలుసుకోదగ్గ విషయాలు ఇవిగో.

1. నాణేనికి మొదటి ఆనవాలు బొమ్మ కాదు, బరువు

బొమ్మ అరిగిపోవచ్చు, అక్షరాలు చెరిగిపోవచ్చు. బరువు మాత్రం అంత తేలిగ్గా మారదు. మన దేశపు తొలి వెండి నాణెం కార్షాపణం తూకం 32 గురిగింజల ఎత్తు, అంటే రమారమి 3.4 గ్రాములు. విజయనగర బంగారు వరహా కూడా దాదాపు 3.4 గ్రాములే. అందులో పదో వంతు పణం. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. అందుకే అప్పట్లో రూపాయి బిళ్లలనే తూకపు రాళ్లుగా వాడుకునేవారు, 80 తులాలు ఒక సేరు. నగల కొట్లలో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా, వెర్నియర్ కాలిపర్, పదింతలు పెద్దగా చూపే భూతద్దం. ఈ మూడూ ఉంటే సేకరణ మొదలుపెట్టవచ్చు. బరువు, వ్యాసం కాగితం మీద పెట్టుకున్నాకే పుస్తకం తెరవాలి.

2. మన తొలి నాణేల మీద ఏ రాజు పేరూ ఉండదు

సుమారు 2,500 ఏళ్ల నాటి ఈ వెండి నాణేలను విద్ధాంక నాణేలు అంటారు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, తూకం సరిపోయేదాకా మూలలు తెగ్గొట్టి, చిన్నచిన్న గుర్తులు ఒక్కొక్కటిగా కొట్టేవారు. అందుకే ఇవి గుండ్రంగా ఉండవు. కొన్ని పలకలుగా, కొన్ని వంకరగా ఉంటాయి. మగధ, మౌర్య కాలాల నాణేల మీద ఒకవైపు ఐదు గుర్తులు కనిపిస్తాయి. సూర్యుడు, ఆరు చేతుల చక్రం లాంటివి తరచుగా ఉంటాయి. మూడు వంపుల కొండ మీద నెలవంక ఉంటే దాన్ని మౌర్యులతో ముడిపెడతారు. రెండోవైపు చాలాసార్లు ఖాళీ, లేదా చేతులు మారినప్పుడు వర్తకులు వేసుకున్నారనుకునే చిట్టి ముద్రలు. ఉమ్మడి గుంటూరు జిల్లా అమరావతిలో ఇలాంటివి ఒకేచోట 7 వేలకు పైగా దొరికాయి. పేరు లేని నాణేన్ని గుర్తుపట్టాలంటే ఐదు గుర్తుల కూర్పే ఆధారం. ఒక్క గుర్తు చూసి తేల్చేయకూడదు.

3. శాతవాహనులు సీసంతో కూడా నాణేలు వేశారు

బంగారం, వెండి, రాగి అనుకునేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. శాతవాహనుల నాణేల్లో సీసానివీ, పోటిన్ అనే మిశ్రమ లోహానివీ చాలా ఎక్కువ. సీసపు నాణెం చేతిలో పెట్టుకోగానే తెలిసిపోతుంది. చూపుకు చిన్నది, చేతికి బరువు. రంగు మసక బూడిద. ఒకవైపు తొండమెత్తిన ఏనుగో, సింహమో, గుర్రమో ఉంటుంది. రెండోవైపు కూడలి గుర్తు చివరల నాలుగు వృత్తాలు ఉంటే అది ఉజ్జయినీ చిహ్నం.

ఇక అక్షరాలు. భూతద్దం పెట్టి అంచు వెంబడి తిరగండి. అవి బ్రాహ్మీ లిపిలో ఉంటాయి, భాష ప్రాకృతం. కూడిక గుర్తులా కనిపించేది 'క'. నిలువు గీత 'ర'. గుండ్రని సున్నా 'ఠ', సున్నా మధ్యలో చుక్క ఉంటే 'థ'. రాజుల పేర్లు సాధారణంగా 'స'తో ముగుస్తాయి. సాతకణిస అంటే శాతకర్ణి యొక్క అని. ఏడెనిమిది అక్షరాల్లో మూడు కనిపించినా చాలు. అక్షరాల పట్టిక పక్కన పెట్టుకుని మిగతావి పూరించుకోవచ్చు. రెండు వేల ఏళ్ల కిందటి రాజు పేరును ఎవరి సాయమూ లేకుండా మీ అంతట మీరు చదివిన రోజున ఈ అభిరుచి మిమ్మల్ని ఇక వదలదు.

4. ఒక ఊరి పేరు శాతవాహన చరిత్రనే మలుపు తిప్పింది

జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల అది. అక్కడ దొరికిన నాణేల మీద గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లున్నాయి. ఈ రాజుల గురించి పురాణాలు చెప్పలేదు, శాసనాలూ చెప్పలేదు. నాణేలే చెప్పాయి. వాటితోపాటు 'సిరి చిముక' పేరున్న నాణేలు కూడా దొరికాయి. ఈయన్ని శాతవాహన వంశానికి మూలపురుషుడిగా పురాణాలు చెప్పే శ్రీముఖుడిగా చరిత్రకారులు పోల్చారు. శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి ఈ నాణేలను పరిశీలించి లోకానికి తెలియజేశారు. శాతవాహనుల తొలి అడుగులు తెలంగాణలోనే పడ్డాయన్న వాదానికి ఇవి గట్టి ఆధారమయ్యాయి.

ఒక్కసారి ఆలోచించండి. ఇవే నాణేలు ఏ నగరంలోనో ఒక వర్తకుడి డబ్బాలో, ఊరి పేరు లేకుండా తేలి ఉంటే? చిముకుడి పేరు అప్పుడూ చదివేవాళ్లం. ఆయన ఎక్కడివాడో అన్న చర్చకు మాత్రం వాటితో ఏ ఉపయోగమూ ఉండేది కాదు. నాణెం దొరికిన చోటు నాణెమంత విలువైనదని అనడం ఇందుకే.

5. ఓడిన రాజు నాణెం మీద గెలిచిన రాజు ముద్ర

నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ క్షహరాట రాజు నహపాణుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద నహపాణుడి ముఖాన్ని తొక్కేస్తూ గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు కొట్టించాడు. కొత్త ముద్ర కింద పాత ముఖం ముక్కు, గడ్డం, గ్రీకు అక్షరాల ముక్కలు ఇంకా కనిపిస్తాయి. యుద్ధంలో ఎవరు గెలిచారో చెప్పడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అక్కర్లేదు. మీ దగ్గరున్న నాణెం మీద రెండు బొమ్మలు కలగలిసి అయోమయంగా ఉంటే పాడైపోయిందని పారేయకండి. తిరిగి ముద్రించిన నాణెం కావచ్చు. అలాంటప్పుడు పైబొమ్మను, కిందిబొమ్మను విడివిడిగా కాగితం మీద గీసుకుని చూడాలి.

6. నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ, ఇంకో నాణెం మీద రెండు భాషలు

యజ్ఞశ్రీ శాతకర్ణి కాలంలో తూర్పు తీరాన చెల్లిన నాణేల మీద రెండు కొయ్యలున్న ఓడ బొమ్మ కనిపిస్తుంది. సముద్ర వ్యాపారం ఎంత జోరుగా సాగిందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. శాతవాహనులు రాజు ముఖంతో వేసిన వెండి నాణేలు ఇంకా ఆసక్తికరం. ఒకవైపు ప్రాకృతం, రెండోవైపు ఒక ద్రావిడ భాష. అది తమిళానికి దగ్గరిదని కొందరు, తెలుగు తొలిరూపమని ఇంకొందరు పండితులు వాదిస్తారు.

రెండు భాషల నాణేలు లిపి రహస్యాలనే విప్పాయి. కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యత తేల్చే ఉద్యోగం చేసిన జేమ్స్ ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీ లిపిని ఛేదించాడు. ఖరోష్ఠీ లిపిని చదవడానికి ఆయనకు ఆసరా అయినవి, ఒకవైపు గ్రీకు, రెండోవైపు ఖరోష్ఠీ ఉన్న ఇండో-గ్రీకు నాణేలే.

7. నల్గొండ మట్టిలో రోమ్ చక్రవర్తులు

నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. వీటిని దెనారియస్‌లంటారు. మన దగ్గర దొరికేవాటిలో రెండు రకాలే ఎక్కువ. అగస్టస్ నాణెం వెనక ఇద్దరు యువకులు డాళ్లు, ఈటెలతో నిలబడి ఉంటారు. టైబీరియస్ నాణెం వెనక ఒక స్త్రీ కొమ్మ పట్టుకుని పీఠం మీద కూర్చుని ఉంటుంది. ఈ రెండు బొమ్మలు గుర్తుంటే సగం పని అయినట్టే.

దక్షిణ భారతంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో వేసిన గాటు ఉంటుంది. పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో అత్యధిక భాగం ఇలా గాటు పడినవే. లోపల నిజంగా బంగారమేనా అని చూసుకున్నారా? ఇక ఇది నాణెంగా చెల్లదని చెప్పడానికా? పండితులు ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. సేకరించేవాళ్లకు మాత్రం ఆ గాటు లోపం కాదు, నాణెం మన నేల మీదికి వచ్చిందనడానికి గుర్తు. ఇంకో విశేషం. ఉమ్మడి మెదక్ జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలను చూసి చేసిన మట్టి బిళ్లలు దొరికాయి. కొక్కెం పెట్టిన ఆ బిళ్లలను మెడలో వేసుకునేవారు. నాణేలను నగలుగా ధరించే ముచ్చట కాసులపేరు కంటే చాలా పాతది.

8. నన్నయ కాలపు బంగారు నాణెం బర్మా తీరంలో దొరికింది

నన్నయ చేత భారతాంధ్రీకరణ మొదలుపెట్టించిన రాజరాజ నరేంద్రుడి బంగారు నాణేలు చూస్తే గుర్తుపట్టడం తేలికే. పల్చని రేకు, కాస్త గిన్నెలా వంగి ఉంటుంది. మధ్యలో చాళుక్యుల వరాహ లాంఛనం. చుట్టూ రాజు పేరు తెలుగు-కన్నడ లిపిలో ఉంటుంది, కానీ ఒకే అచ్చుతో పడింది కాదు. ఒక్కో అక్షరానికి ఒక్కో ముద్ర తయారుచేసి వరసగా కొట్టారు. కాబట్టి అక్షరాల మధ్య ఎడం సమానంగా ఉండదు, కొన్ని పక్కకు ఒరిగి ఉంటాయి. ఆయనకు ముందు వేంగిని ఏలిన మొదటి శక్తివర్మ నాణేల మీద 'చాళుక్య చంద్ర' బిరుదు ఉంటుంది. ఇలాంటి తూర్పు చాళుక్య నాణేలు బర్మాలోని అరకాన్ తీరాన ఉన్న చెదూబా దీవిలో దొరికాయి. వేంగికి, ఆ తీరానికి మధ్య రాకపోకలున్నాయని చెప్పిన ఈ సాక్ష్యం కూడా దొరికిన చోటు రాసిపెట్టబట్టే నిలిచింది.

9. విజయనగర నాణెం మీద దేవుణ్ణి చూసి రాజును తేల్చకూడదు

బాలకృష్ణుడు వెన్నముద్ద పట్టుకుని కూర్చున్న వరహా శ్రీకృష్ణదేవరాయలది. ఉదయగిరి జయించి అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తెచ్చిన సందర్భంతో దీన్ని ముడిపెడతారు. ముక్కుతో, గోళ్లతో ఏనుగులను పట్టుకున్న గండభేరుండం అచ్యుతరాయలది. సీతారాములు కూర్చుని, లక్ష్మణుడు నిలబడితే అది తిరుమలరాయలది. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఉమామహేశ్వరులతో. ఆ బొమ్మను రెండో హరిహరరాయలు వాడాడు, దేవరాయలు కూడా వాడాడు. అప్పుడు నాణెం తిప్పి చూడాలి. వెనక మూడు వరసల్లో నాగరి లిపిలో 'శ్రీ ప్రతాప' తర్వాత ఉన్న పేరే రాజును చెబుతుంది.

10. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది

కుతుబ్ షాహీల రాగి నాణేలు, మొఘల్ రూపాయిలు సుత్తితో కొట్టినవి. అచ్చు కంటే బిళ్ల చిన్నదిగా ఉండటంతో రాతలో కొంతే నాణెం మీద పడుతుంది. ఒక నాణెం మీద రాజు పేరు సగం, ఇంకోదాని మీద టంకశాల పేరు సగం. అందుకే ఒకే రకం నాణేలు నాలుగైదు పక్కపక్కన పెట్టి పూర్తి వాక్యాన్ని కూర్చుకోవాలి. 'జర్బ్' అన్న మాట కనిపిస్తే దాని పక్కనున్నది టంకశాల ఊరి పేరు. 'జులూస్' కనిపిస్తే రాజు గద్దెనెక్కి ఎన్నో ఏడో అక్కడుంటుంది. హైదరాబాద్ టంకశాలకు 'ఫర్ఖుందా బునియాద్' అన్న బిరుదు ఉండేది.

తారీఖు చదవడమూ కష్టం కాదు. నిలువు గీత 1, చుక్క సున్నా. రెండు గీతలు కింద కలిస్తే 7, పైన కలిస్తే 8. అంకెలను మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. వచ్చిన హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే దాదాపుగా క్రీస్తు శకం వస్తుంది. ఉదాహరణకు 1321 హిజ్రీ అంటే 1903-04.

11. నాణెం మీదున్న సంవత్సరం ఒక్కోసారి నిజం చెప్పదు

ఈస్టిండియా కంపెనీ మద్రాసులో వేసిన ఆర్కాట్ రూపాయిల మీద 1172 హిజ్రీ అని, రెండో ఆలంగీర్ ఆరో పాలనా సంవత్సరం అని ఉంటుంది. లెక్క ప్రకారం అది 1758-59. కంపెనీ మాత్రం అదే తారీఖుతో 19వ శతాబ్దంలో కూడా యంత్రాల మీద నాణేలు తీసింది. జనం నమ్మిన తారీఖు మారిస్తే షరాబులు కొత్త నాణేన్ని బట్టా తగ్గించి తీసుకుంటారేమోనన్న లెక్క అది. గుండ్రని చక్కటి అంచు, సమానమైన అక్షరాలు ఉంటే తారీఖు పాతదైనా నాణెం యంత్రపుదే. విక్టోరియా రాణి 1862 రూపాయిది కూడా ఇదే కథ. 1862 అన్న అంకెను చాలా ఏళ్లు అలాగే ఉంచి, ఏ ఏటిదో తెలియడానికి చిన్న చుక్కలు చేర్చుతూ పోయారు. ఆ చుక్కలు లెక్కపెట్టడమే సేకరించేవాళ్లకు పెద్ద పని.

12. చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం దాగి ఉంది

నిజాం రాజ్యపు వెండి రూపాయి ఇంట్లో ఉంటే ఒకసారి బయటికి తీయండి. చార్మినార్ బొమ్మ ఉన్న వైపు చూడండి. మధ్య గుమ్మం ఖాళీగా ఉండదు, అందులో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. అది 'మీమ్' అయితే నాణెం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. మీమ్ చిన్న ముడిలా, ఐన్ తెరుచుకున్న నోరులా ఉంటాయి. ఉర్దూ రాకపోయినా ఈ తేడా పట్టుకోవచ్చు. చార్మినార్ రూపాయిలు 1903-04 నుంచి యంత్రాల మీద తయారయ్యాయి.

అసఫ్ జాహీ నాణేల మీద 92 అన్న అంకె కూడా కనిపిస్తుంది. చాలామంది దాన్ని సంవత్సరం అనుకుంటారు. కాదు. అరబ్బీ అక్షరాలకు అంకెల విలువ కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అన్న పేరు విలువ అది. మీమ్ 40, హా 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4, మొత్తం 92. హాలీ సిక్కా అని పిలిచే ఈ నిజాం రూపాయికి, బ్రిటిష్ రూపాయికి మారకం 7కి 6. హైదరాబాద్ రాష్ట్రం ఇండియన్ యూనియన్‌లో కలిశాక కూడా హాలీ సిక్కా కొన్నేళ్లు చెల్లింది.

13. కోస్తా ఆంధ్ర కోసం బర్మింగ్‌హామ్‌లో నాణేలు కొట్టారు

ఉత్తర సర్కారు జిల్లాల్లో చెల్లడానికి 1794లో మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద రాగి నాణేలు తయారయ్యాయి. ఇలాంటివి 48 కలిస్తే ఒక రూపాయి అని ఇంగ్లిష్‌లో నాణెం మీదే రాసి ఉంటుంది. తర్వాత మద్రాసు టంకశాల వెండి అర వరహా, పావు వరహా నాణేలు వేసింది. ఒకవైపు నక్షత్రాల నడుమ గుడి గోపురం, రెండోవైపు చుక్కల మధ్య విష్ణుమూర్తి. రాత నాలుగు భాషల్లో ఉంటుంది. ఇంగ్లిష్, పారశీకం, తమిళం, వాటితోపాటు తెలుగు. మన లిపిని రెండు వందల ఏళ్ల నాటి వెండి మీద చదువుకోవాలంటే వెతకవలసిన నాణెం ఇదే.

1808 నాటి పది కాసులు, ఇరవై కాసుల రాగి నాణేలు కూడా సోహోలో తయారైనవే. వాటిని మద్రాసుకు తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలోనే గుడ్విన్ ఇసుక దిబ్బల దగ్గర మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్లు ఆ నాణేలను పైకి తీశారు. మద్రాసు కోసం పుట్టి, మద్రాసు చూడకుండా సముద్రంలో ఉండిపోయిన నాణేలు ఇప్పుడు ప్రపంచమంతా సేకరణల్లో ఉన్నాయి.

14. పంది రూపాయి అని ఒకటుంది

1911లో వచ్చిన అయిదో జార్జి రూపాయి మీద రాజు వస్త్రంపై చిన్న ఏనుగు బొమ్మ ఉంది. తొండం పొట్టిగా ఉండి అది పందిలా కనిపిస్తోందని జనంలో అలజడి రేగింది. ప్రభుత్వం ఆ రూపాయిలను ఆపేసి, 1912 నుంచి ఏనుగు బొమ్మ సవరించింది. 1911 రూపాయి దొరికితే రాజు ఛాతీ మీద భూతద్దం పెట్టి చూడండి.

15. అయస్కాంతం చాలా సంగతులు చెబుతుంది

బంగారం, వెండి, రాగి, సీసం అయస్కాంతానికి అతుక్కోవు. వెండి రూపాయి అంటూ అమ్మజూపింది అతుక్కుంటే లోపల ఇనుముంది. అయితే 1947 నాటి పులి బొమ్మ రూపాయి అతుక్కుంటుంది. అది నకిలీ కాదు, నికెల్‌తో చేసింది. యుద్ధకాలంలో వెండి కరవై, 1939 దాకా 91.7 శాతం వెండి ఉన్న రూపాయిని 1940లో 50 శాతానికి దించారు. బరువు మాత్రం అదే తులం. అదే యుద్ధం రాగినీ పొదుపు చేయించింది. 1943లో మధ్యలో చిల్లున్న పైసా అలా వచ్చిందే.

16. మీ జేబులో ఉన్న నాణెం ఏ ఊరిదో చెప్పవచ్చు

సంవత్సరం అంకె కింద చూడండి. అయిదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. పిల్లలకు ఈ అభిరుచి అలవాటు చేయాలంటే ఇంతకంటే ఖర్చులేని దారి లేదు. ఇంట్లో చిల్లర డబ్బా ముందు పోసి నాలుగు కుప్పలు చేయమంటే చాలు.

17. కంపెనీ 'రామపట్టాభిషేకం' నాణేలు అసలు నాణేలే కావు

1818 అని, ఈస్టిండియా కంపెనీ అని రాసి, సీతారాములో హనుమంతుడో ఉన్న రాగి బిళ్లలు సంతల్లో, పుణ్యక్షేత్రాల్లో కనిపిస్తాయి. వాటికి మహిమ అంటగట్టి వేలకు వేలు చెబుతారు. కంపెనీ అలాంటి అణా నాణేలు వేయలేదు. అవి తర్వాత కాలంలో తయారుచేసిన బిళ్లలు.

నకిలీని పట్టుకోవడానికి అంచు చూడటం మంచి పద్ధతి. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఒంటి మీద సూదిమొన బెజ్జాలు ఉంటాయి. అక్షరాలు కరిగిన సబ్బులా మొద్దుబారి ఉంటాయి. సుత్తితో కొట్టిన రెండు నాణేలు ఎప్పుడూ అచ్చం ఒకేలా ఉండవు. ఒకే నొక్కు, ఒకే గీత, ఒకే వంకర ఉన్న నాణేలు రెండు కనిపిస్తే రెండూ ఒకే మూసలోంచి వచ్చాయని అర్థం. పోతపోసిన అసలు పురాతన నాణేలూ ఉన్నాయి కాబట్టి ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. బరువు, అంచు, అక్షరాలు మూడూ ఒకే మాట చెప్పాలి.

18. చింతపండుతో తోమితే చరిత్ర పోతుంది

రాగి చెంబు తోమినట్టు రాగి నాణేన్ని చింతపండుతో, నిమ్మచెక్కతో తోమడం మన ఇళ్లలో మామూలు. నాణేనికి అంతకంటే హాని లేదు. వందల ఏళ్లుగా పట్టిన ముదురు పొర లోహాన్ని కాపాడుతుంది, అసలుదనానికి సాక్ష్యంగా కూడా నిలుస్తుంది. అది పోయిన నాణెం మెరుస్తుంది కానీ తెలిసినవాళ్లు కొనరు. మట్టి అంటుకుని ఉంటే శుభ్రమైన నీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టండి, చాలు. పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్లకు జిగురు పట్టి పచ్చబడతాయి. ఆమ్లం లేని కాగితపు కవర్లు మేలు. సీసపు నాణేలను చెక్కపెట్టెలో దాచకండి. చెక్కలోంచి వచ్చే ఆవిర్లకు అవి తెల్లటి పొడిగా రాలిపోతాయి. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవద్దు.

19. పొలంలో దొరికిన లంకెబిందె విషయంలో చట్టం ఏం చెబుతుంది?

1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగిన, పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే శిక్ష ఉంటుంది. చెబితే అంతా పోతుందన్న భయం మాత్రం సరికాదు. నిధికి హక్కుదారులు లేరని తేలి, వేరే ఒప్పందమేమీ లేకపోతే దొరికించుకున్నవారికి ముప్పాతిక వంతు, భూయజమానికి పావు వంతు అని అదే చట్టం చెబుతోంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మనవడికి నాయనమ్మ దాచిన పాత వరహా సూట్‌కేసులో పెట్టి పంపాలనుకునే కుటుంబాలు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

20. 'మీ అయిదు రూపాయల బిళ్లకు లక్షలు' అన్నది మోసం

దేవుడి బొమ్మ ఉన్న అయిదు, పది రూపాయల బిళ్లలకు లక్షలిస్తామంటూ ఫోన్లకు సందేశాలు వస్తుంటాయి. ముందు రుసుము, తర్వాత పన్ను, ఆ తర్వాత కమీషన్ అంటూ మన దగ్గరే డబ్బు లాగుతారు. పాత నాణేల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, తన పేరు చెప్పి రుసుము అడిగితే నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. లక్షల్లో తయారైన నాణేనికి లక్షల ధర రాదు. తక్కువ దొరకడం, మంచి స్థితిలో ఉండటం, కావాలనుకునేవాళ్లు ఉండటం. ధరను తేల్చేవి ఈ మూడే, వయసు కాదు. రెండు వేల ఏళ్ల నాటి అరిగిన సీసపు నాణెం కంటే 1939 నాటి బ్రిటిష్ వెండి రూపాయికి ఎన్నో రెట్లు ఎక్కువ ధర పలకడం అందుకే. ఆ ధర చూసే 1939 అంకె మార్చిన నకిలీలు పుట్టుకొచ్చాయి.

చివరగా పాఠకులకు ఒక విన్నపం

పాత నాణెం మీ చేతికి వస్తే కరిగించకండి, తోమకండి, వెంటనే అమ్మకండి. ముందు రెండువైపులా ఫొటో తీయండి. బరువు, వ్యాసం రాయండి. దాని కిందే ఊరు, మండలం, పొలమో చెరువుగట్టో ఇంటి పునాదో, ఎవరి ద్వారా వచ్చిందో, ఏ తేదీనో రాయండి. ఆ కాగితాన్ని నాణెంతోపాటే కవరులో పెట్టండి. గుర్తుపట్టలేకపోతే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో నాణేల విభాగం చూసి రండి, అనుమానాలుంటే అక్కడివాళ్లను అడగండి. రాజు పేరు ఈరోజు కాకపోతే పదేళ్ల తర్వాత ఎవరైనా చదువుతారు. ఊరి పేరు మాత్రం ఈరోజు మీరు రాయకపోతే ఇంకెవ్వరూ రాయలేరు.